రాక్షసుల్ని వేటాడే సినిమా మా వాడికి చూపించవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. మన పిల్లలు చూస్తున్న జపాన్ యానిమేలో, అంటే బొమ్మల కథల్లో, రాక్షసుల గురించి. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చాను. ఆ ఇంటికి ఆ అవసరం ఉంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబుకి 14 ఏళ్లు. తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది మా వారు గుండెపోటుతో పోయారు. అప్పట్నుంచి వాడు మాటలు తగ్గించేశాడు, గ్రౌండుకి కూడా వెళ్లడం లేదు. ఈమధ్య ‘డీమన్ స్లేయర్’ అనే జపాన్ బొమ్మల సీరియల్ మొదలుపెట్టాడు. అది చూసేటప్పుడు, దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం మొహంలో కళ వస్తోంది. మొదటి సీజన్ అయిపోయింది. తర్వాతి కథ ‘ముగెన్ ట్రైన్’ అనే సినిమాగా ఉందట, చూస్తానంటున్నాడు. మా ఆడపడుచు కాసేపు చూసి, తలలు నరకడాలు, రాక్షసులు మనుషుల్ని తినడాలు, తండ్రి పోయిన పిల్లాడికి ఇవన్నీ ఎందుకంటోంది. వాడి చెల్లెలికి 9 ఏళ్లు. అన్న ఏది చూస్తే అదే కావాలంటుంది. ఇంట్లో అడగడానికి ఇంకెవరూ లేరు. చూడనివ్వనా, వద్దా?
ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. మీ అబ్బాయిని చూడనివ్వండి. అయితే రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఫోన్లో ఒంటరిగా వద్దు. ముందు మీరొక్కరే చూసేయండి. తర్వాత వాడి పక్కన కూర్చుని మళ్లీ చూడండి. పాపకి మాత్రం ఇప్పుడు వద్దు.

మీ ఆడపడుచు గారు చెప్పినవన్నీ సినిమాలో ఉన్నాయి. రక్తం ఉంది, తలలు తెగుతాయి, రైలు పెట్టెల గోడల్లోంచి కండలు పుట్టుకొచ్చి ప్రయాణికులకి చుట్టుకుంటాయి. కానీ మీ వాడు 26 ఎపిసోడ్లు దాటి వచ్చాడు. మొదటి ఎపిసోడ్‌లోనే, బొగ్గులమ్ముకుని తిరిగొచ్చిన కథానాయకుడు తాంజిరోకి మంచులో, గడప దగ్గర తన వాళ్ల శవాలు కనిపిస్తాయి. బతికిన ఒక్క చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోతుంది. ఇదంతా చూసినవాడికి ముగెన్ ట్రైన్‌లోని కత్తియుద్ధం కొత్తది కాదు. ఆ విషయంలో నాకు పెద్దగా దిగులు లేదు. నేను మీకు చెప్పాలనుకున్నది వేరే దృశ్యం గురించి.

కథ క్లుప్తంగా చెబుతాను. రోజులు తైషో కాలం నాటివి, అంటే 1912 నుంచి 1926 మధ్య. ఒక రైల్లో మనుషులు మాయమైపోతున్నారు. 40 మందికి పైగా పోయారు. రాక్షసుల్ని వేటాడే దళంలోని పెద్ద వీరుడు రెంగోకు ఆ రైలెక్కుతాడు. తాంజిరో, అతని స్నేహితులిద్దరూ అతన్ని కలుస్తారు. కండక్టర్ వచ్చి టికెట్లకి చిల్లు కొడతాడు. ఆ టికెట్ సిరాలో ఎన్ము అనే రాక్షసుడి రక్తం కలిసి ఉంటుంది. చిల్లు పడగానే అందరూ నిద్రలోకి జారిపోతారు. ఎవరికి కావలసిన కల వాళ్లకి వస్తుంది.

తాంజిరోకి వచ్చే కల ఏమిటో మీరు ఊహించగలరు. కొండమీద మంచు, ఇల్లు, పోయిన తల్లి, తమ్ముళ్లు, చెల్లెలు. అందరూ బతికే ఉంటారు. వాళ్లని పట్టుకుని ఏడ్చేస్తాడు. కాసేపటికి అది కల అని తెలుస్తుంది. తెలిసిన తర్వాత ఆ ఇంటిని వదిలి నడిచి వెళ్లాలి. చిట్టి తమ్ముడు వెనకాల నిలబడి, నన్ను వదిలి వెళ్లొద్దన్నా అని ఏడుస్తుంటాడు. తాంజిరో క్షమించమని అడిగి, ఇక మీతో ఉండలేను కానీ ఎప్పుడూ మిమ్మల్నే తలుచుకుంటాను అని చెప్పి, వెనక్కి తిరగకుండా పరుగెడతాడు. తాంజిరో తండ్రి ఈ కథ మొదలవకముందే జబ్బుతో పోయాడు. ఆ తండ్రి కూడా కలలో కొడుకు వెనక నిలబడి, కత్తి పట్టుకో అని ధైర్యం చెబుతాడు.

తండ్రి పోయి ఏడాదైన మీ అబ్బాయి ఈ పది నిమిషాలూ ఎలా చూస్తాడన్నదే అసలు ప్రశ్న. ఏడుస్తాడేమో. ఏడవనివ్వండి. ఈ ఏడాదిలో వాడు మీ ఎదుట ఎన్నిసార్లు ఏడ్చి ఉంటాడు? చాలామంది మగపిల్లలు అమ్మ ముందు ఏడిస్తే అమ్మ ఇంకా కుంగిపోతుందని బిగబట్టుకుంటారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. నాన్న పోయిన పిల్లలు తరగతిలో మామూలుగానే ఉండి, పాఠంలో దశరథుడు పోయిన ఘట్టం వచ్చినప్పుడు తల బల్లమీద పెట్టేసుకోవడం చూశాను. వాళ్లకి తమ దుఃఖం గురించి మాట్లాడ్డం కష్టం, మరొకరి దుఃఖం గురించి తేలిక. కథ ఆ పనికొస్తుంది.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. కలలోంచి మేలుకోవడానికి ఒకటే దారి ఉందని తాంజిరోకి తడుతుంది. కలలో తనని తానే చంపుకోవాలి. సొంత కత్తి సొంత మెడకి పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఎన్ముతో పోరాటంలో, వాడు నిద్రలోకి తోసినప్పుడల్లా మళ్లీ అదే చేస్తాడు, మళ్లీ మళ్లీ చేస్తాడు. కథలో అది ధైర్యం, తెలివి. కానీ దుఃఖంలో ఉన్న పిల్లాడి మనసుకి అది ఎలా అందుతుందో చెప్పలేం. అమెరికాలో ఈ సినిమాకి ‘ఆర్’ అనే వయసు గుర్తు ఇచ్చి హింస, రక్తం కనిపించే దృశ్యాలు అని కారణం చూపించారు. ఈ దృశ్యం గురించి అందులో ఒక్క మాట లేదు. మన ఓటీటీల్లో 2021 నిబంధనల ప్రకారం యూ/ఏ 7+, 13+, 16+ అని వేస్తున్నది ఆ కంపెనీలే. అంకె పక్కన ‘హింస’ అన్న మాట చూసి తల్లి రక్తం గురించే అనుకుంటుంది. మీరు ముందుగా ఒక్కరే చూడమని చెప్పింది ఇందుకే.

ఈ దృశ్యాన్ని వాడికి కనబడకుండా దాటించమని నేను చెప్పను. దాటిస్తే వాడు తర్వాత ఒంటరిగా చూస్తాడు. దాని తర్వాత వచ్చే ఘట్టం మీద వాడి దృష్టి నిలిచేలా చూడండి. రైలింజన్ దగ్గర పోరాటంలో తాంజిరో అలవాటుగా మళ్లీ కత్తి మెడకి తెచ్చుకుంటాడు. ఈసారి అతను కలలో లేడు. మెలకువలోనే ఉన్నాడు. కత్తి తగిలితే నిజంగానే పోతాడు. అప్పుడు పందితల ముసుగు పెట్టుకునే స్నేహితుడు ఇనోసుకే చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపి, ఇది కల కాదు, వాడి మాయలో పడి చావకు అని అరుస్తాడు. సినిమా అంతటిలో ఎక్కువ కేకలు పెట్టేది, ఎవరి మాటా వినంది ఈ ఇనోసుకేనే. స్నేహితుణ్ణి కాపాడేది కూడా అతనే. మా మనవడితో చూసినప్పుడు నేను అక్కడ ఆపి, నీకు ఇనోసుకే లాంటి స్నేహితుడు ఎవడ్రా అని అడిగాను. టక్కున ఒక పేరు చెప్పాడు. మీ వాడు పేరు చెప్పలేకపోతే అది కూడా మీకు తెలియాల్సిన సంగతే.

ఇంకొకటి ఉంది. తాంజిరో కలలోంచి బయటపడుతున్నాడని కోపంతో ఎన్ము అతనికి పీడకల చూపిస్తాడు. అందులో తమ్ముళ్లు, తల్లి రక్తం మధ్య నిలబడి, నువ్వెందుకు కాపాడలేదు, నువ్వు మాత్రం ఎందుకు బతికావు అని నిందిస్తారు. తాంజిరో కోపంతో కత్తెత్తి, మా వాళ్లు అలాంటి మాట ఎప్పటికీ అనరు అని గర్జిస్తాడు. అమ్మా, నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా విలువైన చోటు ఇది. ఆ రోజు నాన్నని ఇంకాస్త ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే, ఆ రాత్రి నేను పడుకోకుండా ఉంటే అన్న ఆలోచన గుండెపోటుతో తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకి వస్తుంది. పైకి చెప్పరు. ఈ ఘట్టం అయ్యాక టీవీ ఆపి, నాన్న నిన్ను ఎప్పుడూ అలా అనరు నాన్నా, నాకు తెలుసు అని మీ నోటితో చెప్పండి. వాడు అడిగినా అడక్కపోయినా చెప్పండి.

రాక్షసుడికి సాయపడే మనుషులు కూడా ఈ కథలో ఉన్నారు. ఆ కండక్టర్‌కి భార్య, కూతురు పోయారు. వాళ్లు కలలో కనబడితే చాలని ఆశపడి టికెట్లకి చిల్లు కొడుతుంటాడు. క్షయతో బాధపడే ఒక యువకుడు, నొప్పి లేని కల కోసం తాంజిరో మనసులోకి దిగి దాన్ని ధ్వంసం చేయడానికి వెళతాడు. అక్కడ అతనికి అద్దంలాంటి నీరు, ఎటు చూసినా ఆకాశం కనిపిస్తాయి. మిణుగురుల్లా వెలిగే చిన్న చిన్న మనుషులు అతని చెయ్యి పట్టుకుని, అతను దేన్ని పగలగొట్టడానికి వచ్చాడో దాని దగ్గరికే తీసుకెళ్తారు. అతను పగలగొట్టలేక అక్కడే నిలబడి ఏడుస్తాడు. మేలుకున్నాక మిగతావాళ్లలా తాంజిరో మీదికి రాడు. పిల్లల సినిమాల్లో ఇంత నెమ్మదైన దృశ్యాన్ని నేను ఎక్కువగా చూడలేదు. దీనికోసమైనా మీరు చూడాలి.

చివర్లో రెంగోకు చనిపోతాడు. మీకు ముందే చెప్పేస్తున్నాను, మీ వాడికి మాత్రం చెప్పకండి. అతని వయసు 20 ఏళ్లు. 200 మంది ప్రయాణికుల్లో ఒక్కరు కూడా పోకుండా కాపాడి, తెల్లవారుతుండగా మోకాళ్ల మీద కూర్చునే ప్రాణం విడుస్తాడు. బలంగా పుట్టినవాళ్లు బలహీనుల్ని కాపాడాలని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట గుర్తు చేసుకుంటాడు. ఆ తల్లి కనబడగానే, నేను సరిగా చేశానా అమ్మా అని అడుగుతాడు. మీ అబ్బాయి ఇప్పుడు ఇంటికి మగదిక్కు నువ్వేరా అన్న మాట బంధువుల దగ్గర విని ఉంటాడు. 14 ఏళ్లవాడు రెంగోకుని చూసి ఆ బరువు ఇంకా మీద వేసుకునే ప్రమాదం ఉంది. ఇల్లు చూసుకోవడానికి నేనున్నాను, నువ్వు చదువుకుని ఆడుకుంటే చాలు అని మీరు చెప్పాలి. ఆ బంధువులకి కూడా చెప్పాలి.

చూసే పద్ధతి గురించి ఒక మాట. సినిమా రెండు గంటలకి మూడు నిమిషాలు తక్కువ. ఇదే కథని 2021లో 7 ఎపిసోడ్ల సీరియల్‌గా కూడా ఇచ్చారు. మొదటిది రెంగోకు గురించి కొత్తగా చేర్చిన కథ, మిగతావి సినిమాలో ఉన్నవే. మీలాంటి ఇంటికి ఈ ముక్కలే మేలు. రోజుకొకటి, పగటిపూట, అన్నాలు తిన్నాక చూడండి. మాట్లాడుకోవడానికి సమయం దొరుకుతుంది. ఆ వేళకి పాపని పక్కింటికో అమ్మమ్మ దగ్గరికో పంపండి. తొమ్మిదేళ్ల పిల్లకి నిద్రపోతే చచ్చిపోతారన్న భయం పట్టుకుంటే, నాన్న పోయిన ఇంట్లో ఆ భయం త్వరగా వదలదు. తనకి తన వయసుకి తగ్గది ఒకటి ఎంచి, అది కూడా మీరు పక్కన కూర్చునే చూపించండి. అన్నకి మాత్రమే అమ్మ తోడుందన్న బాధ ఉండదు.

సినిమా సంగతి పక్కన పెట్టినా మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన వాక్యం, గ్రౌండుకి కూడా వెళ్లడం లేదు అన్నది. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. నేను లేకపోతే మీకే మంచిది లాంటి మాట వచ్చినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. వాడి కోసమే కాదు, మీ కోసం కూడా చేయవచ్చు. భర్త పోయి ఏడాది అయింది, మీరెలా ఉన్నారో ఎవరైనా అడిగారా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. పెద్దవాడికి 15, చిన్నవాడికి 12. డీమన్ స్లేయర్ సినిమా ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ జపాన్‌లో పీజీ12 అట, ఇక్కడ ఆర్. ఒకే సినిమాకి ఇంత తేడా ఏమిటి? ఎవరి మాట నమ్మాలి? చిన్నవాడు సీరియల్ అసలు చూడలేదు, అన్నతో పాటు వెళ్తానంటున్నాడు.
ఒక తండ్రి

జవాబు: ఆ రెండు గుర్తులూ ఒకే పని చేయవు. జపాన్‌లో పీజీ12 అంటే 12 ఏళ్ల లోపు పిల్లలు పెద్దల సలహాతో చూడాలని. అమెరికాలో ఆర్ అంటే 17 నిండనివాళ్లు తల్లిదండ్రులో పెద్దవాళ్లో వెంట ఉంటేనే హాల్లోకి రావాలని. మన దగ్గర 2023 చట్ట సవరణ తర్వాత వచ్చిన యూఏ 7+, 13+, 16+ కూడా తల్లిదండ్రులకి సలహాలే. పిల్లల్ని గేటు దగ్గర ఆపేసేది ‘ఏ’ ఒక్కటే. కాబట్టి ఏ దేశంలోనైనా చివరికి నిర్ణయించాల్సింది మీరే.

పెద్దవాణ్ణి మీరు వెంట తీసుకెళ్లండి. దారిలో ఒక మాట చెప్పి ఉంచండి. ఈ సినిమాలో అకాజా అనే రాక్షసుడి గతం చాలాసేపు నడుస్తుంది. జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన కుర్రాడు అతను. కొడుకు తనకోసం దొంగ కావడం భరించలేక ఆ తండ్రి ఉరేసుకుంటాడు. తాంజిరో స్నేహితుడు జెనిట్సుకి విద్య నేర్పిన గురువు కూడా, ఒక శిష్యుడు రాక్షసుడయ్యాడని ప్రాణం తీసుకున్న సంగతి కథలో వస్తుంది. పాత జపాన్ పరువు లెక్కలు అవి. 15 ఏళ్లవాడితో ఇంటికి వచ్చేటప్పుడు కారులో దాని గురించి మాట్లాడవచ్చు. ఆ తండ్రి చావు కొడుకుని మంచి దారిలో పెట్టిందా, ఇంకా లోతుకి తోసిందా అని అడగండి. సినిమాలోనే జవాబు ఉంది.

చిన్నవాడికి వద్దు. వయసొక్కటే కారణం కాదు. సినిమా 155 నిమిషాలు, కథ మధ్యలోంచి మొదలై మధ్యలోనే ఆగుతుంది. సీరియల్ చూడనివాడికి ఎవరు ఎవరో తెలియదు, ఆ మనుషుల మీద ప్రేమ పుట్టదు. రక్తం, చావులు మాత్రమే మిగులుతాయి. ఈ సెలవుల్లో అన్నదమ్ములిద్దరినీ కలిపి మొదటి సీజన్ చూడనివ్వండి, వాడికి నచ్చుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 16, ఇంటర్ ఫస్టియర్. నా గదిలో నెజుకో పోస్టర్ అంటించుకున్నాను. రాక్షసి బొమ్మ ఇంట్లో ఉండకూడదని నాన్నమ్మ తీసేయమంటోంది. నాన్న ఏమీ మాట్లాడరు. పోస్టర్ తీసేయాలా?
ఒక అమ్మాయి, హనుమకొండ

జవాబు: తల్లీ, నాన్నమ్మకి ఆ పిల్ల ఎవరో నువ్వు చెప్పావా? నోట్లో వెదురు బొంగు చూసి ఆవిడ ఏమనుకుందో అడుగు. రాక్షసిగా మారినా మనిషి మాంసం ముట్టని పిల్ల అనీ, మనుషుల్ని కాపాడుతుందనీ, పగలంతా అన్న వీపున పెట్టెలో ఉంటుందనీ చెప్పు. హిరణ్యకశిపుడి కొడుకు ప్రహ్లాదుడి కథ ఆవిడకి నీకన్నా బాగా తెలుసు, విభీషణుడి కథ ఇంకా బాగా తెలుసు. రాక్షస కులంలో మంచివాళ్లు పుట్టడం మన పెద్దవాళ్లకి వింత కాదు. నరసింహుడు పేగులు చీల్చి మెడలో వేసుకున్న ఘట్టం భాగవతంలో విన్న మనిషి, రక్తం చూసి బెదిరే రకం కూడా కాదు.

ఒకవేళ దేవుడి గూడు నీ గదిలోనే ఉంటే మాత్రం పోస్టర్‌ని వేరే గోడకి మార్చు. అది ఆవిడ అలవాటు, దాన్ని గౌరవించడం నీకు కష్టమేం కాదు. తర్వాత ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఎపిసోడ్ చూపించు. మొదటిది వద్దు, అందులో పసిపిల్లల చావులున్నాయి. నెజుకో ఎదురుతిరిగి మనుషుల్ని కాపాడే ఎపిసోడ్ నీకే తెలుసుగా, అది పెట్టు. సబ్‌టైటిల్స్ నువ్వే తెలుగులో చదివి వినిపించాలి, ఆవిడ మధ్యలో అడిగే ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా చెప్పాలి. మొదటి సగంలో చాలా అడుగుతారు.